తప్పినవాడి కృతజ్ఞత కూడిక

మా చర్చిలో ఎండాకాలం చివరి శుక్రవారాలకు ఉన్నంత గిరాకీ పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్లకు కూడా ఉండేది కాదు. కారణం ఇంటర్ ఫలితాలు. ఎవరింట్లో మేలు జరిగితే వారు ఒక శుక్రవారం సాయంత్రం సంఘాన్నంతా పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టాలన్నది మా ఆచారం. రెండు పాటలు, కొంచెం బైబిలు వాక్యం, దేవుడు తన పిల్లవాడికి ఎన్ని మార్కులిచ్చాడో ఇంటి యజమాని లేచి చెప్పే సాక్ష్యం, ఆ తర్వాత భోజనం. దేవుడు మార్కులు ధారాళంగానే ఇచ్చేవాడు గానీ, వారానికి శుక్రవారం మాత్రం ఒక్కటే ఇచ్చాడు. ఫలితాలు చూసుకున్నాక తీరిగ్గా మేల్కొన్నవాడికి ఆగస్టు దాకా ఖాళీ దొరికేది కాదు. అప్పటికి ఆ పాసు పాచిపోయేది.

మా నాన్న అబిడ్స్‌లో ఒక ప్రభుత్వాఫీసులో హెడ్ క్లర్కు. తన సంతకం పడకపోతే ఆ ఆఫీసులో ఫ్యాను కూడా తిరగదని ఆయన నమ్మకం. తొంభైల మొదట్లో, నేను ఇంటర్ రెండో సంవత్సరం చివరి పరీక్ష రాసి చేతి సిరా కడుక్కోకముందే, ఆయన ఆదివారం ఆరాధనలో ప్రకటనల వేళ లేచి నిలబడ్డాడు.

"ఫలితాలొచ్చిన వారం, శుక్రవారం నాడు, మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. అందరు రావాలె."

సంఘం మొత్తం నోరెళ్లబెట్టింది. పరీక్ష పేపర్లు ఇంకా దిద్దేవాళ్ల బల్లల మీదికి కూడా చేరలేదు. ఇంతటి విశ్వాసం ఈ మధ్య ఎక్కడా చూడలేదని అయ్యగారు, అంటే మా పాస్టరు, మైకులోనే అన్నారు. నాన్న పక్కన కూర్చున్నది మా పాటల బృందం నడిపే క్వయర్ మాస్టారు. ఆయన నాంపల్లి స్టేషన్‌లో టికెట్ కలెక్టరు. టికెట్ లేనివాడిని ముఖం చూసి పట్టుకోగలడు. నా ముఖం వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

నేనెలా రాశానో నాకు తెలుసు. ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకొక లెక్కల గైడు దొరికింది. బరువులో అది మా ఇంటి రుబ్బురోలుకు తమ్ముడు. అట్ట మీద ఉన్న ఆచార్యుడి మీసం చూస్తే ఇంగ్లీషువాడు కూడా దేశం వదిలిపోతాడు. ఏడాదంతా దాన్ని భట్టీ పట్టాను. పరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం విప్పాక తెలిసింది, ఆ పుస్తకం నాకన్నా పెద్దదనీ, అది రాసిననాటి సిలబస్ ఎప్పుడో కాలం చేసిందనీ. అడిగినవి నాకు రావు, నాకు వచ్చినవి ఎవరూ అడగలేదు. ఆ సంగతి నాన్నకు ఆ రోజే చెప్పాల్సింది. కానీ ఆయన అప్పటికే మైకు ముందు లేచి నిలబడ్డాడు.

ఫలితాలు బుధవారం వచ్చాయి. పేపరు నిండా నంబర్లు, బెల్లం ముక్క మీద చీమల్లా. నాన్న ఆఫీసు నుంచి భూతద్దం తెచ్చుకున్నాడు. నా ముందు నంబరు ఉంది, నా తర్వాతి నంబరు ఉంది, ఆ రెంటి మధ్యా ఒక చీమ దూరేంత జాగా కూడా లేదు. నాన్న పేపరు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. నా లెక్క ప్రకారం మధ్యాహ్నానికల్లా నూట నలభై సార్లు మడిచాడు, కానీ నా లెక్కలు ఎలాంటివో ఆ పేపరే చెబుతోంది.  రేడియోలో వార్తలు చదివేవాడి ఉచ్చారణ కూడా దిద్దే మనిషి, రెండు రోజులు నాతో ఒక్క అక్షరం మాట్లాడలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నేను అలవాటుపడిన ప్రాణిని.

నేను లోపలి గదిలోకి వెళ్లి పడుకున్నాను. నాంపల్లి స్టేషన్ వెనుక గల్లీలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు కాబట్టి లోపలి గది అంటే రెండోది. ఇక బయటికి రాకూడదని నిశ్చయించుకున్నాను. గురువారం నా క్లాసుమేటు ఒకడు కాలేజీ నుంచి నా మార్కుల చీటీ తెచ్చి, కిటికీలోంచి విసిరేసి, బాంబు వేసినవాడిలా పారిపోయాడు. చూసి దిండు కింద పెట్టుకున్నాను.

అమ్మ దవాఖానలో స్టాఫ్ నర్సు. బుధవారం మధ్యాహ్నం డ్యూటీకి పోకుండా, పక్కింటి నుంచి స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చి, నా గది తలుపుకి లోపలి గడియ ఊడదీసింది.

"ఏంది మమ్మీ?" అన్నాను.

"తుప్పు పట్టింది. మిస్త్రీకి చూపిస్త."

ఆ గడియ పెట్టించి నెల కాలేదు. ఫలితాల వారంలో అమ్మ ప్రతి ఏడూ డ్యూటీ నుంచి వచ్చి, తినకుండా, గోడ వైపు తిరిగి పడుకునేది. వార్డులో ఏం చూసేదో ఎప్పుడూ చెప్పలేదు. అవన్నీ ఎవరో తప్పిన పిల్లల సంగతులు, మాకు సంబంధించినవి కావు అనుకునేవాణ్ని. ఆ రెండు రోజులు గడియ లేని తలుపు వెనుక నేను ఏమేమి ఆలోచించానో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గదిలో ఏదో ఒకటి మరచిపోయినట్టు పది నిమిషాలకోసారి వచ్చేది. సూది కోసం వచ్చేది. దారం కోసం వచ్చేది. సూదిలో దారం ఎక్కించమని వచ్చేది.

ఇంత గందరగోళంలో కూడికను ఎవరూ రద్దు చేయలేదు. అమ్మ చెప్పి ఉంటుందని నాన్న, నాన్న చెప్పి ఉంటాడని అమ్మ. నిజానికి నాన్న గురువారం పొద్దున ఆ పని మీదే అయ్యగారింటికి వెళ్లాడట. రెండు కప్పుల చాయ్ తాగాడు. ఖైరతాబాద్‌లో ట్రాఫిక్ గురించీ, రుతుపవనాల గురించీ మాట్లాడాడు. విషయం మాత్రం ఎత్తకుండానే లేచి వచ్చేశాడు.

అందుచేత శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు సంఘం సంఘమంతా మా గల్లీలోకి వచ్చింది. నలభై మంది అని అమ్మ అనేది. నాకైతే అక్షౌహిణి కనిపించింది. పాటల పుస్తకాలు, బైబిళ్లు, ఒక తబలా, ఒక బంతిపూల దండ. నాకు బహుమతిగా పెన్నులు తెచ్చారు, లెక్కపెడితే పదకొండు పెన్నులు. ఒకరు గోడగడియారం కూడా తెచ్చారు. నాన్న తలుపు తీసి, బనీను మీద అలాగే నిలబడిపోయాడు. జనం ఆయన్ను పక్కకు జరిపి లోపలికొచ్చి, చాపలు వేసుకుని, సర్దుకుని కూర్చున్నారు. ముందుగదిలో నాలుగు వందల చదరపు మోకాళ్లు. నాన్న మంచి మనిషి కాబట్టి సంతోషం పట్టలేక మాట రాకుండా ఉన్నాడని వాళ్లు అనుకున్నారు. ఆ మాట ఎవరో అంటుంటే నేను లోపలి నుంచి విన్నాను.

పాట మొదలైంది. రెండోది కూడా అయింది. అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"ఇప్పుడు ఇంటి యజమాని సాక్ష్యం."

తలుపు సందులోంచి నాకు నాన్న వీపు కనబడుతోంది. లేచాడు. ఆఫీసులో వంద ఫైళ్ల మీద సమాధానం చెప్పగల మనిషి, రెండు చేతులతో చొక్కా గుండీ కోసం బనీను మీద వెతుక్కున్నాడు.

"పిల్లగాడు... తప్పిండు."

అని కూర్చున్నాడు.

ఆ నిశ్శబ్దంలో అబిడ్స్ చౌరస్తాలో బస్సు బ్రేకు వేస్తే నాంపల్లిలో వినపడింది. తబలా వాయించేవాడు తబలాను నెమ్మదిగా వెనక్కి జరిపాడు, దండ తెచ్చినామె దాన్ని కొంగు కింద పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో, నాన్న ముందే వంట పురమాయించి మరచిపోయిన బవర్చీ ప్రత్యక్షమయ్యాడు. వెనక ఇద్దరు మనుషులు, వాళ్ల చేతుల్లో జోడెద్దులు కూడా మోయలేనంత డేగ్ గుండిగ, అందులో బిర్యానీ.

"సాబ్, డేగ్ కిదర్ రఖ్నా?"

 వాడికి జవాబిచ్చింది మా పక్కింటి పెద్దమ్మ. ఆమె మా చర్చి మనిషి కాదు. మెదక్ దిక్కు పల్లె నుంచి వచ్చి, బేగం బజార్‌లో ఎండుమిర్చి దుకాణంలో కాడలు తీసే పని చేసేది. దసరాకు బతుకమ్మ పేర్చేది, శుక్రవారం మా కూడికకు వచ్చేది, రెంటికీ మధ్య ఆమెకు తగవు కనిపించేది కాదు. ఆమె దగ్గరికి వస్తే పది అడుగుల దూరంలోనే తుమ్ము వచ్చేది. బుధవారం మాకు స్క్రూడ్రైవర్ ఇచ్చిందీ ఆమే, కాబట్టి ఆమెకు సంగతంతా తెలుసు.

"గీడ పెట్టు తమ్మీ, మూల్కు పెట్టు" అని బవర్చీకి చోటు చూపించి, జనం వైపు తిరిగింది. "ఏంది, పీనుగ లేసినట్టు గట్ల జూస్తున్రు? ఎవ్వలింట్ల తప్పలె? మా పెద్దోడు పదో తరగతి నాలుగు సార్లు తప్పిండు. నాలుగోసారి పేపర్ల వాని నంబర్ జూస్కునుడు గూడ బంద్ జేసినం, నంబరే సిగ్గుపడుతుండె."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇప్పుడేం చేస్తుండమ్మా?" అన్నారు అయ్యగారు. మంచి ముగింపు కోసం ఆశపడ్డారు పాపం.

"ఇప్పుడు గూడ పాస్ గాలె అయ్యగారూ. ఆటో నడుపుతుండు. మొన్న నాకు జెరమొస్తె దవాఖానకు తీస్కవొయింది వాడే. చిన్నోడు అన్నీ పాసే. వానికి సెలవు దొరకలె."

సాక్ష్యమంటే గెలుపు చెప్పుకునే వేళ అని మా సంఘం పుట్టిననాటి నుంచీ ఆనవాయితీ. ఓటమి సాక్ష్యం అదే మొదటిది.  అయ్యగారు బైబిలు మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేను గూడ చెప్పాలె మరి. వేదాంత కళాశాలల గ్రీకు భాష రెండుసార్లు తప్పిన. ఇన్నేండ్ల సంది ప్రసంగంల 'మూలభాషలో ఏముందంటే' అంటుంటి గదా. అది పుస్తకం జూసి చెప్తున్న."

సంఘం గుండెలు ఆగిపోయాయి. అంతలో క్వయర్ మాస్టారు లేచాడు. పోటీలో వెనకబడటం ఆయన స్వభావంలో లేదు.

"అయ్యగారిది రెండే. నేను సంగీతం పరీక్ష మూడుసార్లు తప్పిన. శ్రుతిల లేనని రాసిన్రు."

"అది మాకు పరీక్ష లేకుండనే తెలుసు మాస్టారూ!" అని వెనక నుంచి ఒక ఆడగొంతు.

ఇక ఆనకట్ట తెగింది. టైపు తప్పినవాళ్లు, టెన్త్ తప్పినవాళ్లు, బ్యాంకు పరీక్ష ఏడుసార్లు రాసి ఎనిమిదోసారి వయసు తప్పినవాళ్లు లేచారు. గోడగడియారం తెచ్చిన ఆయన తాను డ్రైవింగు పరీక్షలో ఇన్‌స్పెక్టర్ కాలి మీదికే స్కూటరు ఎక్కించానన్నాడు. ఆ గదిలో ఒక్కసారీ తప్పని మనిషి ఎవరైనా ఉంటే ఆ సాయంత్రం సిగ్గుతో చచ్చిపోయి ఉండేవాడు. నవ్వులకు మా రేకుల కప్పు లేచి స్టేషన్ మీదుగా కాచిగూడ దాకా వెళ్లి వచ్చింది.

నాన్న మాత్రం నవ్వలేదు. పెద్దమ్మ ఆయన వైపు చూసింది.

"సారూ, నువ్వు?"

"నేనేంది?"

"నువ్వెన్నడు తప్పలేదా అంటున్న."

నాన్న లేవలేదు. చాప కొన పీచు పీకుతూ అన్నాడు. "పీయూసీ, అప్పటి ఇంటరే. లెక్కలు. రెండుసార్లు."

అమ్మ ఆయన వైపు తిరిగింది. పందొమ్మిదేళ్ల కాపురం ఆమె కళ్ల ముందు కదిలి ఉండాలి. "పెండ్లిచూపులల్ల ఫస్ట్ క్లాస్ అన్నరు గదా!"

"మా నాయిన అన్నడు. నేనేం అనలె."

"వద్దని గూడ అనలె!"

సంఘం మళ్లీ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, సగం నవ్వు. అప్పుడు అయ్యగారు, "పిల్లగాణ్ణి పిలువుండ్రి. గడియ పెట్టుకున్నడా?" అన్నారు.

"గడియ లేదు అయ్యగారూ. నేనే పీకేసిన." అమ్మ ఆ మాట మామూలుగానే మొదలుపెట్టింది. "ప్రతి ఏడు గీ వారంల నా వార్డుల..." అని ఆగిపోయింది. 

గదిలో అందరికీ అర్థమైంది. ఎవరూ ప్రార్థన మొదలుపెట్టలేదు, మా సంఘం చరిత్రలో అది అద్భుతం. మామూలుగా అయితే ఒకామె వెంటనే కళ్లు మూసుకుని, నాంపల్లి స్టేషన్ వెనుక గల్లీలో మూడో ఇల్లు, నీలం గేటు అంటూ దేవుడికి చిరునామా సహా విన్నవించేది. ఆమె కూడా నోరు మూసుకుని వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఇంకో ఇద్దరు జరిగి అటుపక్క కూర్చున్నారు. పెద్దమ్మ అమ్మ చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. "సిస్టరమ్మా, రెండొద్దుల సంది ఒక్కదానివే కావలి గాసినవు. ఇగ మేమున్నం" అంది. అమ్మ ముక్కు చీదింది. దుఃఖమో, ఎండుమిర్చో, ఇప్పటికీ తేల్చలేను.

"ముందు తిందాం" అన్నారు అయ్యగారు.

కాసేపటికి నాన్న రెండు ప్లేట్లతో నా గదిలోకి వచ్చాడు. మోచేత్తో తలుపు తోశాడు, గడియ లేదు కాబట్టి అది తెరుచుకుంది. మంచం మీద కూర్చున్నాడు. ఒక ప్లేటు నా ముందు పెట్టాడు. చాలాసేపు మెతుకులు లెక్కపెట్టాడు.

"లెక్కలల్ల ఎన్నొచ్చినయ్?"

రెండు రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"పదకొండు."

నాన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"నాకన్న రెండెక్కువ" అన్నాడు.

నేను ఆ రాత్రి రెండు ప్లేట్లు తిన్నాను. అందులో ఒకటి ఆయనది.

ఆ మర్నాటి నుంచి సంఘం నన్ను పంచుకుంది. సోమవారం ఒకరింట్లో లెక్కలు, మంగళవారం ఇంకొకరింట్లో ఫిజిక్స్, బుధవారం అయ్యగారింట్లో ఇంగ్లీషు. చదువు తర్వాతి సంగతి, పిల్లగాడు రోజూ ఇల్లు దాటి ఒక గుమ్మం తొక్కాలన్నది వాళ్ల పథకం. ప్రతి గుమ్మంలోనూ ఏదో ఒకటి తినిపించేవాళ్లు. రెండు నెలల్లో నా ప్యాంటు గుండీలు ఒక్కొక్కటే రాజీనామా చేశాయి. నాన్నను క్వయర్ మాస్టారు పాటల బృందంలో బేస్ గొంతుకు, అంటే మంద్రానికి, చేర్చుకున్నాడు. నాన్న పాడితే స్టేషన్‌లో గార్డు జెండా ఊపేవాడు. అయినా ఎవరూ ఆపమనలేదు, వారానికి రెండు సాయంత్రాలు ఆయన మనుషుల మధ్య కూర్చోవాలన్నదే మాస్టారి స్వరకల్పన. ఇక అమ్మ మళ్లీ డ్యూటీకి వెళ్లిన రోజు, పెద్దమ్మ ఒక మిర్చి మూట నెత్తిన పెట్టుకుని మా ఇంట్లోకి వచ్చేసింది.

"మా ఫ్యాను కాలిపొయింది కొడుకా. గీడ జర గాలికి కూసుంట."

నలభై రోజులు ఆ ఫ్యాను బాగుకాలేదు. మధ్యలో ఒకసారి ఏదో అడగడానికి వాళ్లింటికి వెళ్తే, అది విమానంలా తిరుగుతోంది. నేను చూశానని ఆమెకు తెలుసు. "ఔ, ఇప్పుడే బాగైంది" అని, మర్నాడు మళ్లీ మా ఇంటికే వచ్చి కాడలు తీస్తూ కూర్చుంది. తుమ్ముతూ తుమ్ముతూ నేను త్రికోణమితి నేర్చుకున్నాను.

చివరికి పాసయ్యాను, అదేమంత వార్త కాదు. అసలు వార్త మా చర్చిలో మారిన ఆనవాయితీ. ఫలితాల తర్వాతి మొదటి శుక్రవారం తప్పినవాళ్లింట్లో కూడిక. పాసైనవాళ్లు ఎన్ని మార్కులొచ్చినా రెండో శుక్రవారం దాకా ఆగాలి. రెండు వేలల్లోకి వచ్చాక, పేపర్లో నంబర్లు పోయి అబిడ్స్ నెట్ సెంటర్ల ముందు పిల్లలు వరుస కట్టే రోజుల్లో, ఎవరో ఒక పెద్దమనిషి ఆ గుమ్మం దగ్గరే చాయ్ తాగుతున్నట్టు నిలబడేవాడు, ముఖం వాడినవాడిని మాటల్లో పెట్టి ఇంటిదాకా దింపడానికి. నేనూ రెండేళ్లు అక్కడ చాయ్ తాగాను. అంత చెత్త చాయ్ ఈ భూమండలం మీద ఇంకెక్కడా కాచరు. గల్లీలో చర్చికి రాని ఇళ్లవాళ్లు కూడా పిల్లలతో కూడికకు వచ్చేవాళ్లు. తాము ఏం తప్పారో ముందు పెద్దవాళ్లు చెప్పాలి, తర్వాతే పిల్లలను అడగాలి అన్న నియమం ఎవరూ రాయలేదు గానీ, ఎవరూ దాటలేదు. తప్పిన పిల్లల తల్లిదండ్రులకు ఏం చేయాలని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉపదేశం చేయకండి అంటాను, మిర్చి మూట పట్టుకుని వెళ్లి కూర్చోండి అంటాను.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన రోజు మాత్రం పాసైన రోజు కాదు. అది సప్లిమెంటరీ ఫలితాల రోజు. అంత తిండి తిని, అన్ని గుమ్మాలు తొక్కి, అన్ని తుమ్ములు తుమ్మి, నేను మళ్లీ తప్పాను. కాలేజీ బోర్డు మీద నా నంబరు పక్కన ముప్పై ఒకటి వేసి ఉంది. పాసుకు ఇంకో నాలుగు కావాలి. అబిడ్స్ నుంచి నాంపల్లికి ఎటూ తిరగకుండా నడిచాను. దారిలో ఒకచోట ఆగాను. చెప్పుల వాడి ముందు, తెగిన చెప్పు కోసం.

ఇంట్లో అన్నాల వేళ. నాన్న ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాడు, జ్వరమని రాసి. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను దాచడానికి ఏమీ వెతుక్కోలేదు.

"తప్పిన డాడీ. ముప్పై ఒకటి."

నాన్న నా ముఖం చూశాడు. భుజం మీద చేయి వేసి గేటు లోపలికి లాగాడు. గల్లీ చివర క్వయర్ మాస్టారు సైకిలు మీద డ్యూటీకి వెళుతున్నాడు. ఎవరికీ వినపడకుండా పోతుందేమోనన్నట్టు, నాన్న తన బేస్ గొంతంతా పెట్టి అరిచాడు.

"మాస్టారూ! మావోడు మళ్లొకసారి తప్పిండు! గీ శుక్రవారం మా ఇంట్లనే!"

మాస్టారు సైకిలు ఆపకుండానే చేయెత్తి ఊపాడు. "వస్తున్న సారూ! ఎంతమందిని తోల్కరావాలె?"

"అందర్ని!" అన్నాడు నాన్న.

నేను కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.